క్రీమ్ మానేసిన ఎండాకాలం

“ఇప్పుడు మంచిగనే ఉన్నది కదా బిడ్డ, ఇంకెందుకు ఆ ముచ్చట?” అంటోంది మా అమ్మ, నేను ఇది రాస్తున్నానని తెలిసినప్పటి నుంచి.

నిజమే. నా ముఖం ఇప్పుడు బాగానే ఉంది. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు రెండోసారి తిరిగి చూడరు. ఎండలోకి వెళ్ళేటప్పుడు గొడుగు పట్టుకుంటాను, అంతే తేడా. కానీ ముఖం బాగుపడినంత తొందరగా మనిషి బాగుపడదని నాకు అనుభవమైంది. ఎవరైనా కొంచెం దగ్గరగా వచ్చి చూస్తే ఇప్పటికీ నా మాట తడబడుతుంది. ఆరిపోయిన ఫోన్ తెర మీద నా నీడ కనబడితే ఫోన్ బోర్లా పెట్టేస్తాను. ఎవరో నా ముఖం వేసుకుని మా ఇంట్లో కొన్నాళ్ళు ఉండి వెళ్ళారని, మళ్ళీ ఏదో ఒక రోజు వస్తారని అనిపిస్తూ ఉంటుంది.

అందుకే రాస్తున్నాను. సగం ఆ భయాన్ని కాగితం మీద పెట్టి చూసుకోవడానికి, సగం ఇది చదివే ఇంట్లో మొటిమలున్న పిల్ల ఎవరైనా ఉంటే ఆ పిల్ల కోసం.

ఇంటర్ చదివిన రోజులు, సిరిసిల్ల

మాది సిరిసిల్ల. నా పేరు రజిత. మా బాపు సాంచాలు నడుపుతాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలు అంటారు. అమ్మ బీడీలు చుడుతుంది. నా తర్వాత ఒక చెల్లె, మానస.

ఇంటర్ మొదటి సంవత్సరంలో నుదుటి మీద మొదలయ్యాయి. అందరికీ వస్తాయి కదా అనుకున్నాను. తర్వాత బుగ్గల మీదికి, గదవ కిందికి దిగాయి. కొన్ని పైకి చీము పట్టి కనిపించేవి. కొన్ని లోపలే గట్టిగా గడ్డకట్టి, దిండు తగిలినా నొప్పి పుట్టేవి. ఒకటి మానితే దాని పక్కన ఇంకొకటి లేచేది. మానిన చోట నల్లటి మచ్చ మిగిలేది.

అప్పటి నుంచి నా ముఖం నా ఒక్కదానిది కాకుండా పోయింది. ఇంటికి ఎవరొచ్చినా ముందు దాని గురించే మాట్లాడేవాళ్ళు. వేడి చేసిందని అమ్మ పల్లీలు, కోడిగుడ్లు, మామిడిపండ్లు బంద్ పెట్టింది. పక్కింటివాళ్ళు నిమ్మకాయ రుద్దమన్నారు. కాలేజీలో ఒకమ్మాయి టూత్‌పేస్టు పెట్టుకోమంది. ముఖం శుభ్రంగా కడుక్కోకపోవడం వల్లేనని ఒక బంధువు తేల్చేసింది. ఆ మాట విన్న రోజు నుంచి చర్మం పగిలేదాకా సబ్బుతో తోమాను. నేను మురికిదాన్ని అనుకున్నాను. ఎంత కడిగినా పోని మురికి అనుకున్నాను.

ఒకసారి మాత్రం డాక్టర్‌కు చూపిద్దామని అడిగాను.

“మొటిమలకు దవాఖానకు పోతరా ఎవలన్న?” అని నవ్వింది అమ్మ. “పెండ్లయితే అవే పోతయి.”

ఆమె వెటకారానికి అనలేదు. ఆమెకు అంతవరకే తెలుసు. నాకు అంత కూడా తెలియదు.

తరగతిలో కుడివైపు గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. కుడి చెంప మీద ఎక్కువ ఉండేవి. డిగ్రీ మూడేళ్ళు కూడా అదే పక్క, అదే గోడ. స్నేహితుల ఫోన్లలో ఆ మూడేళ్ళ ఫోటోలు చూస్తే నేను ఉన్నట్టే ఉండదు. ఎక్కడో ఒక చున్నీ కొస, ఒక భుజం.

ఉద్యోగంలో చేరిన వానాకాలం, కోరుట్ల

డిగ్రీ అయ్యాక కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో చిన్న పిల్లలకు చెప్పే ఉద్యోగం దొరికింది. మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, అక్కడే ఉంటుంది. చిన్నాయిన మస్కట్‌లో పనిచేస్తాడు. వాళ్ళకు పిల్లలు లేరు. చిన్నమ్మ నన్ను తన ఇంట్లోనే ఉండమంది. నా బట్టలు తనే మడతపెట్టేది, నేను వచ్చేదాకా అన్నం తినేది కాదు.

బడిలో చేరిన కొత్తలో ఒక పిల్ల నా చెంపను చూపించి “మేడం, మీకు దోమలు కుట్టినయా?” అని అడిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి చిన్నమ్మకు ఆ మాట నవ్వుతూ చెబుతుంటేనే ఏడుపొచ్చేసింది.

మర్నాడు సాయంత్రం చిన్నమ్మ మెడికల్ షాపు నుంచి ఒక చిన్న ట్యూబు తెచ్చింది.

“మా వాడకట్టుల అందరు గిదే పూసుకుంటరు. రాత్రి పండేటప్పుడు కొంచెం పూస్కో. మొఖం అద్దం లెక్క అయితది,” అంది.

షాపులో డాక్టర్ చీటీ ఎవరూ అడగలేదు. ట్యూబు మీద సన్నటి అక్షరాల్లో ఏదో రాసి ఉంది. నేను చదవలేదు. పక్కనున్న తెల్లటి ఆడమనిషి బొమ్మనే చూశాను.

నాలుగైదు రోజుల్లో గడ్డలు చప్పబడ్డాయి. పండుతున్నవి ఎండిపోయాయి. మచ్చలు పలచబడ్డాయి. నెల తిరిగేసరికి ముఖం నున్నగా, ఎప్పుడూ లేనంత తెల్లగా అయింది. నేను అద్దం ముందు నిలబడి బుగ్గను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. ఇన్నేళ్ళూ లోపల దాక్కున్న నేను ఇప్పుడు బయటికొచ్చానని అనుకున్నాను.

ఆ చలికాలం మెట్‌పల్లిలో మా మేనమామ కొడుకు పెళ్ళి అయింది. జీవితంలో మొదటిసారి నేను ఫోటోలకు ముందు వరుసలో నిలబడ్డాను. ఆడవాళ్ళంతా చుట్టూ చేరి ఏం పెట్టుకుంటున్నావని అడిగారు. చిన్నమ్మ గర్వంగా పక్కనే ఉంది. మానస నా చెంప మీద వేలు పెట్టి జరిపి చూసింది.

“అక్కా, ఫోన్ల ఫిల్టర్ పెట్టినట్టున్నది నీ మొఖం,” అంది.

అప్పటికి దానికి పదహారు దాటలేదు. దాని నుదుటి మీద అప్పుడే రెండు మూడు మొటిమలు మొదలయ్యాయి. ఆ రోజు అది నన్ను చూసిన చూపు నేను తర్వాత చాలాసార్లు గుర్తు తెచ్చుకున్నాను. అప్పుడు మాత్రం ముచ్చటగా ఉందనుకున్నాను.

అదే చలికాలం చివర

ఒక ఆదివారం సిరిసిల్ల వచ్చి, ట్యూబు కోరుట్లలోనే మరిచిపోయాను. ఒక్క రాత్రి పూసుకోకపోతే ఏమవుతుందిలే అనుకున్నాను. తెల్లవారి లేచేసరికి ముఖం మీద కారం చల్లినట్టు మంట. బుగ్గలు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. కోరుట్ల చేరగానే చేతిసంచి కింద పెట్టకముందే ట్యూబు తీసి పూసుకున్నాను. మంట చల్లారింది. నాకు అర్థం కావలసింది ఆ రోజే. కానీ మంట తగ్గించింది కాబట్టి అదే మంచి మందని మరింత నమ్మాను.

ఆ తర్వాత రోజుకు ఒకసారి సరిపోలేదు. పొద్దున కూడా పూసుకోవడం మొదలుపెట్టాను. ఎండలోకి వెళితే భరించలేకపోయేదాన్ని. పొయ్యి దగ్గర నిలబడలేకపోయేదాన్ని. చర్మం ఎంత పలచబడిందంటే బుగ్గల్లో సన్నటి ఎర్రటి నరాలు దారప్పోగుల్లా కనిపించేవి. చెవుల ముందు సన్నగా వెంట్రుకలు మొలిచాయి. ఒక రోజు చిన్నమ్మ అది గమనించి చూపు పక్కకు తిప్పుకుంది. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

తర్వాత మొటిమలు తిరిగొచ్చాయి. పాతవాటిలాంటివి కావు. ముఖమంతా ఒకేసారి, ఒకే తీరుగా, ఎర్రగా చిన్న చిన్న పొక్కులు. వాటి మీద కూడా అదే క్రీమ్ పూశాను. ఎక్కువ పూస్తే ఎక్కువ తగ్గుతుందనుకున్నాను. బడికి మాస్కు పెట్టుకుని వెళ్ళాను. మాస్కు లోపల చెమటకు మండి, మధ్యాహ్నం పూట బాత్‌రూమ్‌లోకి వెళ్ళి తీసి నిలబడేదాన్ని. అక్కడ అద్దం ఉండేది. అందులో కనిపించే మనిషి ఎవరో నాకు నిజంగా తెలిసేది కాదు. నా కళ్ళు మాత్రం నావే. మిగతా ముఖం ఎవరిదో తెచ్చి అతికించినట్టు ఉండేది.

శివరాత్రి తర్వాత, జగిత్యాల

బడిలో నాతో పనిచేసే ఒక టీచర్ జగిత్యాలలో చర్మం డాక్టర్ ఉందని చెప్పింది. చిన్నమ్మ నేను కలిసి పొద్దున బస్సుకు వెళ్ళాం.

ఆ దవాఖానలో వేచి ఉండే గది చిన్నది. నిండా మనుషులు. అక్కడ కూర్చున్నాక నాకొక సంగతి అర్థమైంది. ఒంట్లో ఏ జబ్బున్నా మనిషి కాసేపు మామూలుగా కూర్చోగలడు. చర్మం జబ్బున్నవాళ్ళు అలా కూర్చోలేరు. ఒకాయన మోచేతులు కనబడకుండా అంగీ చేతులు కిందికి లాక్కుంటూనే ఉన్నాడు. ఒకమ్మాయి నాలాగే మాస్కు పెట్టుకుంది. మా ఇద్దరి చూపులు ఒకసారి కలిసి వెంటనే విడిపోయాయి.

పెదవుల చుట్టూ, చేతుల మీద తెల్లమచ్చలున్న ఒక పెద్దావిడ మాత్రం కొంగు కూడా కప్పుకోకుండా కూర్చుంది. నన్ను చూసి తన సంచి కాళ్ళ దగ్గరికి జరుపుకుంది.

“గిటు కూసో బిడ్డ. ఆడ ఫ్యాను గాలి రాదు,” అంది.

అంతే. ఏమైందని అడగలేదు. ఎన్నాళ్ళ నుంచి అని అడగలేదు. ఏం వాడమని చెప్పలేదు. నన్ను చూసి ఏమీ అడగని మనిషిని చూసి నాకు ఎన్నాళ్ళయిందో. ఆ ఫ్యాను కింద మాస్కు కిందికి దించి కాసేపు కళ్ళు మూసుకున్నాను.

డాక్టరమ్మ నా ముఖం కంటే ముందు నా సంచి అడిగింది. “ఏం పూస్తున్నారో అది తెచ్చారా?”

ట్యూబు తీసి ఇచ్చాను. వెనక్కి తిప్పి సన్నటి అక్షరాలు చూసి, బల్ల మీద పెట్టింది.

“ఇందులో స్టెరాయిడ్ ఉంది. డాక్టర్ చెప్పకుండా, నెలల తరబడి ముఖానికి పూసేది కాదు ఇది. మొదట్లో తొందరగా తగ్గిస్తుంది, తెల్లగా చేస్తుంది. తర్వాత చర్మం పలచనైపోయి, అది లేకుండా ఉండలేని స్థితికి వస్తుంది. ఇప్పుడు మీ ముఖం మీద ఉన్న పొక్కులు ఈ క్రీమ్ తెచ్చినవే.”

“తగ్గుతదా మేడం?” అని చిన్నమ్మ అడిగింది.

“తగ్గుతుంది. కానీ ఇది ఆపాలి. ఆపాక కొన్ని వారాలు ఇప్పటికంటే ఎక్కువవుతుంది. అది ముందే చెబుతున్నాను. అప్పుడు భయపడి మళ్ళీ ఇదే పూస్తే మొదటికొస్తుంది. మండితే నాకు ఫోన్ చెయ్యండి, లేదా రండి. ట్యూబు దగ్గరికి మాత్రం వెళ్ళొద్దు.”

కొన్ని గోలీలు, వాసన లేని ఒక తెల్లటి లేపనం, ఎండకు పూసుకునేది ఒకటి రాసింది. చివర్లో పెన్ను పక్కన పెట్టి అడిగింది. “రాత్రి నిద్ర పడుతోందా? ఏడుస్తున్నారా?”

ముఖానికి వచ్చినదాన్ని నిద్ర గురించి ఎందుకు అడుగుతుందో తెలియలేదు. పడుతోందని అబద్ధం చెప్పాను. ఆమె నమ్మలేదని ఆమె చూపులోనే తెలిసింది. “ఇంట్లో ఒక్కదాన్నే ఉండనివ్వకండి,” అని చిన్నమ్మకు చెప్పింది.

తిరుగు బస్సులో చిన్నమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. చాలాసేపటి తర్వాత ఆమె భుజాలు కదులుతున్నాయని గమనించాను.

“నేనే తెచ్చిచ్చిన,” అంది. “సొంత బిడ్డ అయితే గిట్ల ఎరుకలేనిది తెచ్చిచ్చునా అని అంటరు అందరు.”

“ఎవ్వరు అనరు చిన్నమ్మ,” అన్నాను.

“నేను అనుకుంటున్న కద బిడ్డ.”

ఆమె చెయ్యి పట్టుకున్నాను. కోరుట్ల వచ్చేదాకా వదల్లేదు.

ఎండాకాలం, సిరిసిల్ల

బడికి సెలవు పెట్టి ఇంటికొచ్చాను. ఆ సెలవే తర్వాత ఉద్యోగం మానడం అయింది.

క్రీమ్ ఆపిన మొదటి వారమే డాక్టరమ్మ చెప్పిన మాట నిజమైంది. కళ్ళు తెరవలేనంతగా ముఖం ఉబ్బింది. పొక్కుల్లో చీము పట్టింది. చర్మం పొరలు పొరలుగా లేచింది. మాది రేకుల ఇల్లు. మధ్యాహ్నం పైనుంచి వేడి దిగేది. పక్క షెడ్డులో సాంచాల మోత ఆగకుండా వచ్చేది. ఆ మోతకు తగ్గట్టే ముఖం సలిపేది. గోడకున్న అద్దాన్ని నేనే తీసి బియ్యం డబ్బా వెనక పెట్టాను. అయినా స్టీలు చెంబులో కనిపించేదాన్ని. నీళ్ళ బకెట్‌లో కనిపించేదాన్ని.

మా వాడకట్టులో ఆడవాళ్ళు వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయారు. “అమ్మవారు పోసింది,” అన్నారు. మా అమ్మ అది కాదని చెప్పింది. అయినా మరునాడు గుమ్మానికి వేపకొమ్మ కట్టింది. దానికి అమ్మను ఏమీ అనలేదు. ఆమెకు ఏదో ఒకటి కట్టాలి, ఏదో ఒకటి చెయ్యాలి.

మానస నా పక్కనే పడుకునేది. నిద్రలో గోక్కుంటానని నా చేతివేళ్ళు తన వేళ్ళలో ఇరికించి పట్టుకునేది. ఒక తెల్లవారుజామున దానితో అన్నాను, ఇట్లాంటి ముఖంతో బతికి ఏం చేస్తానే అని. అది లేచి కూర్చుంది. పొద్దున ఆ మాట బాపుకు చెప్పేసింది. అప్పుడు దాని మీద కోపమొచ్చింది. ఇప్పుడు ఇది చదివేవాళ్ళకు నేను చెప్పేది అదే. అలాంటి ఆలోచన వస్తే ఎవరికో ఒకరికి చెప్పండి. విన్నవాళ్ళు దాన్ని దాచిపెట్టకండి.

బాపు ఆ రోజు పనికి పోలేదు. నేనొక మూల, అమ్మ బీడీల చాట ముందు ఒక మూల, ఆయన గుమ్మంలో. ఎవరి పని వాళ్ళం చేస్తున్నట్టు కూర్చున్నాం. సాయంత్రం అమ్మ ఉన్నట్టుండి లేచి నా సంచిలో నుంచి ట్యూబు తీసింది. నేను దాన్ని పారెయ్యలేదు. సంచి అడుగున ఉందని నాకు ప్రతి క్షణం తెలుసు.

“ఒక్కసారి కొంచెం పూస్కో బిడ్డ,” అంది అమ్మ. “కొంచెం చల్లబడుతది. నేను సూడలేకపోతున్న.”

నేను చెయ్యి చాపాను. అంత తొందరగా చాపానని ఇప్పటికీ గుర్తుంది.

బాపు లేచి వచ్చాడు. “డాక్టరమ్మ ఏం చెప్పింది?” అని అమ్మను అడిగాడు.

“ఆమెకేం, చెప్తది. గీ మంట ఆమె చూస్తున్నదా?”

“ఏం చెప్పింది అంటున్న.”

బాపు ఆమె చేతిలో నుంచి ట్యూబు తీసుకుని, మూత విప్పి, అంతా ఇంటి ముందు మురుగు పారే మోరీలోకి పిండి, ఖాళీ ట్యూబు కూడా అందులోనే పడేశాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మా ఇంట్లో వాళ్ళిద్దరూ ఎదురెదురుగా నిలబడి కోపం చేసుకోవడం నేను చూసింది అదే. నాకు ఆ సాయంత్రం బాపు మీద అసహ్యం పుట్టింది. అందరూ లోపలికి వెళ్ళాక బయటికొచ్చి మోరీ పక్కన వంగాను. పుల్లతో కదిలించి చూశాను. ట్యూబులో ఏమైనా మిగిలిందేమోనని.

తల ఎత్తేసరికి బాపు గుమ్మంలో ఉన్నాడు. చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతుల మీద పోశాడు.

మరునాడు ఆయన షెడ్డు నుంచి పలచటి నూలు బట్ట ముక్కలు తెచ్చాడు. కొత్త బట్టలో గంజి ఉంటుంది, ముఖానికి గరుకుగా తగులుతుంది. గంజి పోయేదాకా వాటిని వేడినీళ్ళలో ఉడకబెట్టి, పిండి, నీడలో ఆరేసి, మళ్ళీ ఉడకబెట్టాడు. ఎన్నిసార్లు ఉతికాడో తెలియదు. చివరికి ఆ బట్ట చేతిలో ఉన్నట్టే తెలియనంత మెత్తగా అయింది. కుండలోని నీళ్ళలో తడిపి నా ముఖం మీద పరిచాడు. పనికి పోయే ముందు ఒకసారి, మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు ఒకసారి, సాయంత్రం ఒకసారి. మంట పోలేదు. కానీ ఆ బట్ట కింద మంటను ఓర్చుకోగలిగాను.

వానలు పడ్డాక

తొలి వానలకు ఉబ్బు దిగింది. తర్వాత చీము తగ్గింది. ఎరుపు చాలా నెలలు పోలేదు. బాగవుతోందని నాకంటే ముందు ఇంట్లోవాళ్ళకు తెలిసింది. వాళ్ళు నా ముఖం చూసి మాట్లాడటం మొదలుపెట్టారు. అంతకుముందు నా భుజం చూసి మాట్లాడేవాళ్ళు.

ఈసారి జగిత్యాలకు బాపు తోడొచ్చాడు. క్రీమ్ చేసిన చేటు తగ్గుతున్న కొద్దీ కింది నుంచి పాత మొటిమలు, ఆ గట్టి గడ్డలు, మళ్ళీ బయటపడుతున్నాయి. నేను ఇంటర్ రోజుల నుంచి దాచుకున్న ప్రశ్న డాక్టరమ్మను అడిగాను. నేను సరిగ్గా కడుక్కోకపోవడం వల్ల వచ్చాయా అని.

“కాదు,” అంది ఆమె. “చర్మం కింద నూనె గ్రంథులు ఉంటాయి. ఆ వయసులో అవి ఎక్కువ పనిచేస్తాయి. రంధ్రం మూసుకుపోయి లోపల వాస్తుంది. ఎక్కువ తోమితే ఇంకా పాడవుతుంది. కొందరికి అమ్మానాన్నల నుంచి వస్తుంది.” అని బాపు వైపు చూసింది. “మీకు వయసులో ఉన్నప్పుడు ఇలాగే ఉండేవా?”

బాపు చెంపలు నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. గుంటలు గుంటలుగా ఉంటాయి. ఆయన ముఖమే అంత అనుకున్నాను తప్ప అక్కడ ఏదో జరిగిందని నాకెప్పుడూ తోచలేదు.

“ఉండే మేడం,” అన్నాడు ఆయన తల దించుకుని. “మస్తుగుండే. నన్ను అందరు గరుకు మొఖపోడు అనేటోళ్ళు. అమ్మవారు పోసిన మచ్చలని మా అవ్వ చెప్పేది. గదే అనుకున్న గిన్నేండ్లు.”

ఆయన ఆ మాట మా అమ్మకు కూడా ఎప్పుడూ చెప్పలేదట.

డాక్టరమ్మ ఈసారి వేరే గోలీలు మొదలుపెట్టింది. రక్తపరీక్ష చేయించింది. అవి వాడినన్నాళ్ళూ కడుపు రాకూడదని, పెళ్ళి మాటలు నడుస్తుంటే దాచకుండా చెప్పమని బాపు ఎదుటే చెప్పింది. మనసు బాగోలేకపోతే వెంటనే చెప్పాలంది. పెదవులు పగిలి, కళ్ళు ఎండిపోయి ఇబ్బంది పడ్డాను. కానీ నెల నెలకు గడ్డలు తగ్గుతూ వచ్చాయి. ఆ గోలీలు ఆపేసిన రోజు నాకు పండగలా అనిపించలేదు. ముఖం బాగుండటం అంటే నాకు భయం. మెట్‌పల్లి పెళ్ళిలో కూడా బాగానే ఉంది కదా.

పోయిన ఏడాది

సిరిసిల్లలోనే ఇంకో బడిలో చేరాను. మానస డిగ్రీకి వచ్చింది. దాని మొటిమలు మామూలువే, నావంత కావు. ఒకటి రెండుసార్లు జగిత్యాల పోదామంటే, “నాకు నీ లెక్క లేవు కదా అక్కా,” అని తప్పించుకుంది.

ఒక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి అది గుమ్మంలో కూర్చుని తల దువ్వుకుంటోంది. పొద్దు వాలుతున్న వెలుతురు దాని చెంప మీద పడింది. ఆ చెంప మీద ఒక్క మొటిమ లేదు. మైనం రాసినట్టు నున్నగా, తెల్లగా మెరుస్తోంది. ఆ తెలుపు నాకు తెలుసు. ఆ తెలుపే మళ్ళీ మా గుమ్మంలో కూర్చుంది.

“ఏం పూసుకుంటున్నవే?” అన్నాను.

“ఏం లేదు. సబ్బు మార్చిన.”

“మానస.”

“నీకు అన్నీ గట్లనే కనబడతయి,” అంది దువ్వెన పక్కన పెట్టి. “నువ్వు మంచిగున్నప్పుడు అందరు నిన్ను సూసిండ్రు. ఇప్పుడు నన్ను సూస్తే ఓర్వలేవా?”

లోపలి నుంచి అమ్మ వచ్చింది. ఇద్దరినీ చూసింది. “మంచిగనే ఉన్నది కదనే దాని మొఖం, ఎందుకు దాన్ని బెదిరిస్తవ్?” అంది. అన్న తర్వాత తనే దాని దగ్గరికి వచ్చి, గదవ పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది. చాలాసేపు చూసింది.

“ఎన్నాళ్ళ నుంచి?” అని అడిగింది అమ్మ.

మానస దువ్వెన తీసుకుని లేచింది. నేను పోట్లాడలేదు. ఒక్కటే అడిగాను. నా అనుమానం తప్పైతే ఈ వారం పూసుకోకుండా ఉండి చూపించమన్నాను. అది పంతానికి సరేనంది. వారం పట్టలేదు. రెండో రోజే నా దగ్గరికి వచ్చి నిలబడింది. చెంపలు ఎర్రగా ఉన్నాయి.

“అక్కా, మండుతున్నది,” అంది. తర్వాత మెల్లగా, “నాది నీ లెక్క కాదనుకున్న. నువ్వు ఎక్కువ పూసుకున్నవు, నేను కొంచమే పూసుకుంట అనుకున్న,” అంది.

నా వేళ్ళు పట్టుకుని పడుకున్న పిల్ల. ఆ ఎండాకాలమంతా దగ్గరుండి చూసిన పిల్ల. అయినా మెట్‌పల్లి పెళ్ళిలో నా ముఖమే దానికి ఎక్కువ గుర్తుండిపోయింది. దాని మీద నాకు కోపం రాలేదు. నాకు కూడా అదే ఎక్కువ గుర్తుంటుంది.

తొందరగా పట్టుకున్నాం కాబట్టి దానికి నా అంత కాలేదు. బాపు మళ్ళీ బట్ట ఉడకబెట్టాడు. అమ్మ ఈసారి వేపకొమ్మ కట్టలేదు. తనే జగిత్యాలకు బయలుదేరింది, మానసను పక్కన కూర్చోబెట్టుకుని, చీర కొంగుతో దానికి ఎండ తగలకుండా పట్టుకుని.

ఎరుపు పూర్తిగా పోకముందే బతుకమ్మ వచ్చింది. మానస రానంది. చివరి రోజు సద్దుల బతుకమ్మకు తనే బయలుదేరింది, ముఖానికి చున్నీ కట్టుకుని. వాడకట్టు ఆడవాళ్ళంతా బతుకమ్మల చుట్టూ తిరుగుతున్నారు. నాలుగిళ్ళవతల ఉండే సుజాతక్క ఆటలో నుంచి పక్కకొచ్చి మమ్మల్ని పలకరించింది.

“ఏమైందే మానస, మొఖానికి గుడ్డ కట్టినవ్? అమ్మవారా?”

నేను ఏదో చెప్పబోయాను. మానస నన్ను చెయ్యి పట్టి ఆపి, చున్నీ విప్పేసింది. కరెంటు దీపాల కింద దాని చెంపల ఎరుపంతా కనిపించింది.

“అమ్మవారు కాదక్కా. తెల్లగయ్యే క్రీమ్ పూసుకున్న. డాక్టర్‌ని అడగకుండ షాపుల కొనుక్కొని పూసుకున్న. ఆపంగనే గిట్లయింది. మా అక్కకు గూడ గంతే అయింది.”

పక్కనున్న ఇద్దరు ముగ్గురు చప్పట్లు ఆపి ఇటు చూశారు. సుజాతక్క నవ్వబోయి ఆగిపోయింది. ఆమె చెయ్యి మెల్లగా తన చెంప మీదికి పోయింది. అప్పుడు చూశాను ఆ చెంపను. ఎంత నున్నగా ఉందో, ఎంత తెల్లగా ఉందో.

ఆమె మా ఇద్దరి దగ్గరికి జరిగి, పాటలో కలిసిపోయేంత చిన్న గొంతుతో అడిగింది.

“ఆపితే మస్తు మండుతదా?”